తాతగారి కత్తి ఇట్టే పదునెక్కుతోంది, స్టెయిన్‌లెస్ కత్తి ఎంత నూరినా ఎక్కడం లేదు. తప్పు ఉక్కుదా, నాదా?

గుణుపురం లెక్కల మాస్టారు:

అందరికీ నమస్కారం. గుణుపురంలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్లుగా మడత కత్తితోనే గెడ్డం గీసుకుంటున్నాను. నా దగ్గర రెండు కత్తులున్నాయి.

ఒకటి మా తాతగారిది. ఆయన నౌపడ–గుణుపురం చిన్న రైలులో గార్డుగా చేసేవారు. తెల్లవారకుండానే వంశధార గట్టున అద్దం ఆనించుకుని గెడ్డం గీసుకునేవారని మా నాన్న చెప్పేవారు. కత్తి మెడ మీద ‘షెఫీల్డ్’ (ఇంగ్లండ్‌లో ఉక్కుకు పేరున్న ఊరు) అనీ ‘కాస్ట్ స్టీల్’ అనీ అరిగిపోయిన అక్షరాలున్నాయి. కాస్ట్ అంటే పోత ఇనుమేనా? పోత ఇనుము పెళుసు కదా, దానితో కత్తి ఎలా చేశారన్నది నాకు మొదటి నుంచీ అనుమానం.

రెండోది నేను పాతసామాను అమ్మే ఒకాయన దగ్గర కొన్నది. జోలింగెన్ (జర్మనీలో కత్తులకు పేరున్న ఊరు) అని ఉంది, కింద ‘రోస్ట్‌ఫ్రై’ అని ఉంది. అంటే తుప్పు పట్టనిది, స్టెయిన్‌లెస్.

రాళ్లు కూడా రెండే. కొత్తగా కొన్న 1000 నంబరు రాయి ఒకటి (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు). తాతగారి పెట్టెలో దొరికిన పసుపు రాయి ఇంకొకటి, దాని వెనక నల్లటి పలక అతికించి ఉంది. తాతగారి కత్తిని 1000 మీద కాసేపు, పసుపు రాయి మీద 40 సార్లు తిప్పి, తోలు పట్టీకి రుద్దితే చాలు, నురగతో పాటే గెడ్డం జారిపోతుంది. స్టెయిన్‌లెస్ కత్తికి సరిగ్గా అంతే చేశాను. చేతి వెంట్రుకలను గీస్తుంది కానీ ముఖం మీద లాగుతుంది, గడ్డం కింద మంట పుడుతుంది. పసుపు రాయి మీద 40 కాదు, 150 సార్లు తిప్పినా తేడా లేదు. రెండు కత్తుల వెడల్పూ దాదాపు ఒకటే, పక్కలను లోపలికి తొలిచిన బోలు కూడా ఒకలాగే ఉంటుంది.

‘స్టెయిన్‌లెస్‌కి పదును ఎక్కదు, అమ్మేయ్’ అని ఒక మిత్రుడు అంటున్నాడు. కానీ వానాకాలంలో తాతగారి కత్తి మీద రాత్రికి రాత్రే నల్ల చుక్కలు వస్తున్నాయి. అందుకే స్టెయిన్‌లెస్‌ను వదులుకోవాలని లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం సెలూన్ అబ్బాయి:

మాస్టారూ, మాది మూడు తరాలుగా ఇదే వృత్తి. మా తాత నూరే కత్తులే వాడేవారు. ఎయిడ్స్ భయం మొదలయ్యాక మా నాన్న వాటిని పెట్టెలో పెట్టేసి, సగం బ్లేడు పెట్టే కత్తికి మారిపోయారు. ఇప్పుడు ప్రతి మనిషికీ కొత్త బ్లేడే. కాబట్టి నూరడం గురించి నాకన్నా ఇక్కడున్న పెద్దవాళ్లకే ఎక్కువ తెలుసు.

ఒక్క మాట మాత్రం చెబుతాను. ఆ సగం బ్లేడు కూడా స్టెయిన్‌లెస్సే కదా. రోజూ ముప్పై మందికి గీస్తున్నాను, మెత్తగానే గీస్తుంది. స్టెయిన్‌లెస్‌కి పదును ఎక్కదన్న మాట నేను ఒప్పుకోను. గడ్డం కింద మంట అన్నారు, అక్కడ వెంట్రుక పక్కకి పడుకుని ఉంటుంది. వేలితో తడిమి ఎటు మొలుస్తుందో చూసుకుని, మొదటిసారి అది మొలిచే వైపుకే గీయండి. వేడి నీళ్ల తుండు రెండు నిమిషాలు వేయండి. తడిసిన వెంట్రుక సగం మెత్తబడిపోతుంది. ఇవన్నీ చేసినా లాగుతుంటే అప్పుడు తప్పు పదునుదే.

పర్లాకిమిడి కొమ్ముపని:

మాస్టారూ, నేను విశాఖపట్నంలో ఒక కర్మాగారం టూల్‌రూమ్‌లో 22 ఏళ్లు గ్రైండింగ్ చేసి, మా నాన్నగారు పోయాక ఇంటికొచ్చి కొమ్ముపని అందుకున్నాను. గేదె కొమ్ముతో దువ్వెనలు, కొంగ బొమ్మలు, రొయ్య బొమ్మలు చేస్తాం. గెడ్డం కత్తుల పిళ్లు కూడా చేస్తాను. పిడి కోసం వచ్చిన ప్రతి కత్తినీ నూరి ఇవ్వడం నాకు అలవాటు. కాబట్టి రెండు రకాల ఉక్కూ నా చేతుల మీదుగా చాలానే వెళ్లింది.

ముందు మీ ‘కాస్ట్ స్టీల్’ సంగతి. అది పోత ఇనుము కాదు. 1740ల్లో షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలవాడు, స్ప్రింగులకు మంచి ఉక్కు దొరక్క, మట్టి మూసలో ఉక్కును పూర్తిగా కరిగించి దిమ్మగా పోశాడు. అంతకు ముందు ఉక్కులో మడ్డి చారలు చారలుగా ఉండిపోయేది. కరిగిస్తే మడ్డి పైకి తేలిపోయి, లోపలంతా ఒకేలా ఉంటుంది. ఆ పేరే కత్తుల మీద ముద్రగా మిగిలింది.

మూసలో ఉక్కు చేయడం మాత్రం మనవాళ్లకు అంతకు చాలా ముందే తెలుసు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కు ముద్దలు కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. లండన్‌లో స్టోడార్ట్ అనే కత్తులవాడు, భారతదేశపు ‘వుట్జ్’ ఉక్కుతో గెడ్డం కత్తులు చేస్తానని, యూరప్‌లోని మేలైన ఉక్కు కన్నా అదే తనకు నచ్చిందని తన దుకాణం కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు. 1820 ప్రాంతంలో అతనూ మైకేల్ ఫారడే కలిసి ఆ ఉక్కు రహస్యం పట్టుకోవాలని రకరకాల లోహాలు కలిపి చూశారు. కరెంటు గురించి పాఠాల్లో చెప్పే ఆ ఫారడేనే. మీ పిల్లలకు చెప్పండి, చెవులు రిక్కించి వింటారు.

ఇప్పుడు మీ సమస్య.

మీ తాతగారి కత్తిలో ఉన్నది ప్రధానంగా ఇనుము, నూటికి ఒక పాలో కాస్త ఎక్కువో కార్బన్. ఆ కార్బన్‌లో కొంత ఇనుముతో కలిసి చాలా సన్నటి గట్టి రేణువులవుతుంది. వాటిని కార్బైడ్లు అంటారు. స్టెయిన్‌లెస్‌లో నూటికి 13 పాళ్లో అంతకు మించో క్రోమియం ఉంటుంది. అక్కడ కార్బన్ క్రోమియంతో జత కడుతుంది. ఈ క్రోమియం కార్బైడ్లు ఇంకా గట్టివి. మా టూల్‌రూమ్‌లో గట్టిదనం కొలిచే వికర్స్ లెక్కలో ఇనుప కార్బైడ్ సుమారు 1000 ఉంటే, క్రోమియం కార్బైడ్ 1500 దాటుతుంది.

ఇక రాయి. వెనక నల్ల పలక ఉన్న పసుపు రాయి అంటే, మీరు చెప్పినదాన్ని బట్టి, బెల్జియంలో ఆర్డెన్ కొండల్లో తవ్వే కాటిక్యూల్. దానిలో ఉక్కును కోసేది గార్నెట్ అనే ఖనిజం రేణువులు. గార్నెట్ గట్టిదనం క్రోమియం కార్బైడ్ కన్నా తక్కువే. ఇనుప కార్బైడ్‌ను అరగదీస్తుంది, క్రోమియం కార్బైడ్‌ను నేరుగా అరగదీయలేదు, దాని చుట్టూ ఉన్న ఉక్కును మెల్లగా గీరుతుంది. పని జరగదని కాదు, మీ తాతగారి కత్తికి 40 సార్లు పట్టే పని దీనికి ఎన్ని వందలు పడుతుందో చెప్పలేం. మీ 1000 రాయిలో ఉండేది చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్ అయి ఉంటుంది. దాని గట్టిదనం 2000 దాకా. అది రెండింటినీ కోస్తుంది.

అంటే మీరు స్టెయిన్‌లెస్‌ను 1000 మీద ‘కాసేపు’ తిప్పి వదిలేశారు, మిగిలిన పని పసుపు రాయి చేస్తుందనుకున్నారు. తాతగారి కత్తి విషయంలో ఆ రాయి నిజంగానే చేసింది. దీని విషయంలో చేయలేదు. రెండు పక్కల వాలులూ (రాయికి ఆని అరిగే సన్నటి పట్టీలు) అంచు దగ్గర ఇంకా కలుసుకోనే లేదని నా నమ్మకం. అంచు కొసన సన్నటి చదును మిగిలిపోయి ఉంటుంది. అలాంటి కత్తి చేతి వెంట్రుకను కోస్తుంది, గెడ్డాన్ని కోయదు.

చూసుకునే పద్ధతి చెబుతాను. బోర్డు మీద రాసే నల్ల మార్కర్‌తో వాలు అంతా పూయండి. 1000 మీద బరువు వేయకుండా నాలుగుసార్లు తిప్పండి. నలుపు ఎక్కడ మిగిలిందో చూడండి. కొస దాకా పోవాలి, మడమ (పిడి వైపు కొస) నుంచి ముక్కు (అవతలి కొస) దాకా పోవాలి. తరవాత కంసాలి దగ్గర ఉండే కంటి భూతద్దం తెచ్చుకుని, దీపం కింద అంచును ఎదురుగా నిలబెట్టి చూడండి. పదునైన అంచు కనబడదు. మెరిసే గీత కనబడితే అక్కడ ఇంకా చదును ఉన్నట్టే. ఆ మెరుపు పోయేదాకా 1000 నుంచి కదలొద్దు. అరగంట పట్టినా సరే, కదలొద్దు. నేను కత్తి నూరే సమయంలో సగానికి పైగా ఈ మొదటి రాయి మీదే పోతుంది.

కోణం గురించి మీకు భయం అక్కర్లేదు. కత్తి వెన్ను, అంచు రెండూ రాయిని ఆనుకునే ఉంటాయి, కోణాన్ని కత్తే పట్టుకుంటుంది. లెక్కల మాస్టారు కాబట్టి మీరే వేసుకోండి. వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, వెన్ను నుంచి అంచుకు 18 మిల్లీమీటర్లు అనుకుంటే, సగం కోణం సైన్ 2.5/18. మొత్తం కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. వెన్నుకు ఒక పొర కరెంటు టేపు చుడితే రెండు పక్కలా కలిపి మందం 0.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కోణం ఒక డిగ్రీకి దగ్గరగా పెరుగుతుంది. అంచు త్వరగా విరిగే స్టెయిన్‌లెస్ కత్తికి నేను ఆ ఒక్క డిగ్రీ ఇస్తాను.

1000 తరవాత 4000, 8000. స్టెయిన్‌లెస్‌కి ఇవి కూడా అల్యూమినియం ఆక్సైడ్ రాళ్లే తీసుకోండి. చివరి ఇరవై సార్లు కత్తి బరువు తప్ప మీ చేతి బరువు ఉండకూడదు. పసుపు రాయిని తాతగారి కత్తికే ఉంచండి. ఆ జత అందంగా కుదిరింది, చెడగొట్టకండి.

స్టెయిన్‌లెస్‌కి పదును ఎక్కదనే మీ మిత్రుడికి బరంపురం అబ్బాయి మంచి జవాబే ఇచ్చాడు. బ్లేడ్ల కోసం చేసే ఉక్కులో 13 శాతం క్రోమియం ఉంటుంది, కానీ కార్బన్‌ను 0.65 దగ్గర ఆపేస్తారు. అందుకే కార్బైడ్లు పెద్దవి కాకుండా సన్నగా సమంగా ఉంటాయి. స్టెయిన్‌లెస్ అనే మాట కన్నా దాని లోపలి రేణువు సన్నదా ముతకదా అన్నదే ముఖ్యం. 2020లో అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు ‘సైన్స్’ పత్రికలో దీని మీదే ఒక పరిశోధన వేశారు. వెంట్రుక ఉక్కు కన్నా 50 రెట్లు మెత్తన, అయినా గెడ్డం గీసిన బ్లేడు అంచున చిన్న చిన్న పెచ్చులు ఊడడం మైక్రోస్కోపు కింద చూశారు. ఉక్కు లోపలి నిర్మాణం సమంగా లేని చోట, వెంట్రుక వంగి పక్క నుంచి తాకితే, పెచ్చు ఊడుతుంది. మెత్తనిది గట్టిదాన్ని ఎలా విరుస్తుందో చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా టూల్‌రూమ్ రోజుల్లో తెలిసి ఉంటే బావుండేది అనిపించింది.

గుణుపురం లెక్కల మాస్టారు:

బాబాయ్ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. 2.5/18 వెంటనే వేసి చూశాను. నా కత్తి వెన్ను 5.2, వెడల్పు 17.5, పదిహేడు డిగ్రీలు వచ్చింది.

మార్కర్ పరీక్ష చేశాను. మీరు చెప్పినట్టే నడుమ భాగంలో అంచు కొసన నలుపు అలాగే ఉంది. సిగ్గుగా ఉంది, ఇన్నాళ్లు ఉక్కును తిట్టుకున్నాను.

ఇంకో రెండు అడుగుతాను. తాతగారి కత్తి మడమ దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంది. సంతలో సైకిలు మీద సాన తిప్పేవాళ్ల దగ్గరో, వెల్డింగ్ షాపులో గ్రైండర్ మీదో పట్టించవచ్చా? ఆ నల్ల చుక్కలకు ఏం చేయాలి? కొబ్బరి నూనె రాస్తున్నాను.

పర్లాకిమిడి కొమ్ముపని:

గ్రైండర్ దగ్గరకు తీసుకెళ్లకండి. దయచేసి తీసుకెళ్లకండి.

నేను ఊరికి తిరిగొచ్చిన కొత్తలో మా మేనమామ కత్తి ఒకటి నా దగ్గరకు వచ్చింది, వెన్ను దగ్గర తుప్పు. నా చేతికి అప్పుడు దెబ్బ తగిలి కట్టుతో ఉన్నాను. త్వరగా అవుతుందని పక్క వీధిలో ఒక షాపులో బఫింగ్ చక్రం మీద పట్టించాను. ఆ కుర్రాడు మంచి మెరుపు తెచ్చాడు. ఇంటికొచ్చి పగటి వెలుగులో చూస్తే ముక్కు దగ్గర రూపాయి బిళ్లంత మేర నీలం రంగు. నాకు కాళ్లు చల్లబడిపోయాయి, ఎందుకంటే ఆ నీలం ఏమిటో నాకన్నా బాగా ఎవరికి తెలుసు.

కార్బన్ ఉక్కును కాల్చి చల్లార్చాక, పెళుసుదనం పోవడానికి మళ్లీ 150 నుంచి 200 డిగ్రీల దాకా వేడి చేసి ఆపేస్తారు. కత్తి గట్టిదనం అంతా ఆ వేడి దాటకపోవడం మీదే ఉంటుంది. 220 దాటితే ఉక్కు మీద ఎండుగడ్డి రంగు వస్తుంది. 300 దగ్గర నీలం వస్తుంది. నీలం వచ్చిన చోట కత్తి స్ప్రింగులా మెత్తబడిపోయినట్టే. రంగును రుద్ది తీసేయవచ్చు, మెత్తదనాన్ని తీయలేం. బోలు కత్తి అంచు కాగితంలా పల్చన, చక్రం తాకిన క్షణంలో వేడెక్కిపోతుంది, చేతికి తెలిసేలోపే అయిపోతుంది. మా మేనమామ కత్తి ముక్కు భాగం ఎంత నూరినా రెండు గెడ్డాలకు మొక్కబోతుంది, మిగతా అంతా వారం నిలుస్తుంది. ఆయన ఏమీ అనలేదు. ఆ కత్తి ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. కుర్రవాళ్లు ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే మొదట దాన్నే చేతిలో పెడతాను.

మీ మడమ దగ్గరి పెచ్చును 1000 రాయి మీదే, నీళ్లు పోస్తూ, చేత్తోనే తీయండి. కార్బన్ ఉక్కు కదా, అనుకున్నంత సేపు పట్టదు.

నల్ల చుక్కల గురించి. కొబ్బరి నూనె మానేయండి. అది కొన్నాళ్లకు పాడవుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు, వేలితో అద్ది పల్చగా తుడవండి. గెడ్డం అయ్యాక కత్తిని వేడి నీళ్లలో కడిగి, పాత నూలు గుడ్డతో అద్ది, తోలు పట్టీకి పది సార్లు రుద్దండి. అంచు కొసన ఉన్న తడి గుడ్డకు అందదు, తోలుకు అందుతుంది. అరగంట మడవకుండా ఉంచి, అప్పుడు మడవండి. మన వైపు ఆషాఢం నుంచి కార్తీకం దాకా గాలిలోనే నీళ్లుంటాయి. మహేంద్రతనయ ఒడ్డున మా ఇంట్లో అయితే ఉప్పు డబ్బా కూడా కారిపోతుంది. నేను చూసినంతలో మన వైపు కార్బన్ కత్తుల పదును గెడ్డం వల్ల పోయింది తక్కువ, తుప్పు వల్ల పోయిందే ఎక్కువ. కంటికి కనబడే చుక్క రాకముందే అంచు కొస తినేయబడి ఉంటుంది. నాలుగు రోజులు వాడని కత్తి ఐదో రోజు లాగితే, అది నూరడంలో లోపం కాదు.

మీ తాతగారి కత్తికి పిడి దేనిది? కొమ్ముదైతే ఒకసారి కత్తిని పిడికి బిగించే మేకు దగ్గర చూడండి. కొమ్ము కూడా గోరు లాంటిదే, తడి పీలుస్తుంది, ఎండకు వంగుతుంది. పిడికి రెండు పక్కలా ఉండే రెక్కల్లో వంగినది కత్తిని తాకితే తాకిన చోటే చుక్కలు వరసగా వస్తాయి. మీ చుక్కలు ఒకే పక్కన ఒకే గీతలో ఉంటే కారణం అదే.

జయపురం కాఫీతోట:

ఇంత కష్టం ఎందుకు మాస్టారూ. తోలు పట్టీ మీద ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు పూసి 30 సార్లు రుద్దండి, స్టెయిన్‌లెస్ అయినా గీస్తుంది. నేను రెండేళ్లుగా అలాగే చేస్తున్నాను.

పర్లాకిమిడి కొమ్ముపని:

తమ్ముడూ, పేస్టు మంచిదే, నేనూ వాడతాను. స్టెయిన్‌లెస్‌కు చివర్లో బాగా పని చేస్తుంది కూడా. కానీ వాలులు కలవని కత్తికి పూస్తే రెండు మూడు గెడ్డాలకు బాగుందనిపించి మళ్లీ మొదటికొస్తుంది. పైగా ప్రతిసారీ అంచు కాస్త గుండ్రమవుతూ పోతుంది. మాస్టారి కత్తికి అసలు పని రాయి మీద మిగిలి ఉంది. అది అయ్యాక పేస్టు.

గుణుపురం లెక్కల మాస్టారు:

మూడు వారాలైంది, చెప్పాల్సింది చాలా ఉంది.

స్టెయిన్‌లెస్‌ను 1000 మీద రెండు సాయంత్రాలు నూరాను. మొదటి రోజు గంటంపావు అయినా నడుమ మెరుపు పోలేదు. రెండో రోజు ఇంకో నలభై నిమిషాలకు పోయింది. పోయిన క్షణం తెలిసింది. అప్పటి దాకా రాయి మీది నీళ్లు కత్తి ముందు తోసుకుపోయేవి, ఒక్కసారిగా అంచు నీళ్ల కిందికి దూరి, నీళ్లు కత్తి మీదికి ఎక్కడం మొదలైంది. బాబాయ్ గారూ, అది మీరు రాయలేదు కానీ మీకు తప్పక తెలిసే ఉంటుంది. బరంపురంలో ఒకరి దగ్గర 4000, 8000 కలిసిన రాయి దొరికింది. టేపు ఒక పొర చుట్టాను. తోలుకు 60 సార్లు.

మర్నాడు ఉదయం వేడి తుండు వేసి, బరంపురం తమ్ముడు చెప్పినట్టు వేలితో తడిమి చూసుకుంటే, నా గడ్డం కింద ఎడమ పక్క వెంట్రుక చెవి వైపు మొలుస్తోంది. ఇన్నేళ్లు కిందికే గీశాను. ఈసారి మంట లేదు. ఇప్పటికి పదకొండు గెడ్డాలు, మధ్యలో రాయి తాకలేదు. తాతగారి కత్తి అంత జారుడుగా లేదు, నిజం చెప్పాలి. అది వెన్నలా పోతుంది, ఇది కొంచెం గరగరమంటూ శుభ్రంగా పోతుంది. కానీ వాన కురిసే రోజున దీన్ని బయటికి తీస్తే నాకు టెన్షన్ లేదు.

తాతగారి కత్తికి పెచ్చు చేత్తోనే పోయింది. చుక్కలు మీరన్నట్టే ఒకే పక్కన, ఒకే గీతలో ఉన్నాయి. పిడి నల్ల కొమ్ముదే, కుడి రెక్క లోపలికి వంగి కత్తిని ఒరుసుకుంటోంది. మేకు దగ్గర కూడా తుప్పు ఉంది. వచ్చే ఆదివారం పొద్దున రైలుకి పర్లాకిమిడి వస్తాను, కత్తి తెస్తాను. రెక్క పొడవు 14.6 సెంటీమీటర్లు, మేకు దగ్గర వెడల్పు 1.1, మందం 3 మిల్లీమీటర్లు. రెక్కను వేడి చేసి సరిచేయడం కుదిరితే పాతదే ఉంచండి బాబాయ్ గారూ. దాని మీద తాతగారు మేకుతో గీసుకున్న ఇంటిపేరు మొదటి అక్షరం ఉంది.

పర్లాకిమిడి కొమ్ముపని:

తీసుకురండి. పాతదే ఉంచుదాం. వేడి నూనెలో ముంచి రెండు చెక్కల మధ్య రాత్రంతా బిగిస్తే వంపు పోతుంది. అక్షరం మీద గీటు పడనివ్వను. మేకు మాత్రం ఇత్తడిది కొత్తది వేస్తాను. ఆదివారం వస్తే కత్తి సోమవారానికి గానీ అవదు, అప్పటి దాకా ఆగలేకపోతే శనివారం సాయంత్రం రైలుకే రండి, రాత్రి మా ఇంట్లోనే భోజనం.